వృత్తియు వ్రతమును

విశాఖపట్టణమున ఉదయము బయలుదేరిన రైలుబండి శృంగవరపుకోట దాటిన కొంతసేపటికి కొండలలో ప్రవేశించును. ఏబదికి పైబడిన సొరంగములలో దూరి, వంతెనలు దాటి, అరకులోయ చేరును. ప్రయాణికులు కిటికీలకడ నిలిచి లోయల సొంపును చూచి మురియుదురు. దిగినపిమ్మట అరకు కాఫీ త్రాగుదురు. ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించెనని దుకాణదారు సగర్వముగ చెప్పును. కాని ఆ గింజలను కోసినవారు తమ యింట పలుకు భాష యేదియని యడిగినచో చెప్పగలవారు మనలో మిక్కిలి అరుదు. అది కువి భాషయా, కొండ భాషయా, గదబయా, ఆదివాసీ ఒడియాయా యను విచారణయే మనకు లేదు.

ఆ బండిలోనే, ఆ బస్సులలోనే మరియొక తరగతి ప్రయాణికులు గలరు. వారు సోమవారమున కొండ యెక్కి శనివారమున దిగు ఉద్యోగులు. వారిలో ఉపాధ్యాయులు గలరు, గుమాస్తాలు గలరు, వైద్యశాలలలో పనిచేయువారు గలరు. మన్యమునకు బదిలీ యగుట శిక్ష యను మాట మన కచ్చేరీలలో తాతలనాటినుండియు వాడుకలో నున్నది. "ఏజెన్సీకి వేసిరటగదా!" యని బంధువులు పరామర్శకు వత్తురు. కొండమీదనే కాపురముండి పిల్లలను కన్నబిడ్డలవలె చూచుకొను ఉపాధ్యాయులును లేకపోలేదు. అట్టివారికి మేము చేయెత్తి నమస్కరించుచున్నాము. ఐనను సామాన్యముగ మనవారి మనస్సెట్లున్నదో మనకు తెలియనిది కాదు.

మన యిండ్లలో నేడు తరచుగ వినవచ్చు ప్రశ్న యొకటి గలదు. చదువు ముగించిన కుమారుడు "నాకు తగిన పని యేది? నా జన్మము దేనికొరకు?" అని యడుగును. తండ్రి "జీతమెంత? పింఛను కలదా?" అని యడుగును. రెండును న్యాయమైన ప్రశ్నలే. అయితే తనకు విధింపబడిన కార్యమొకటి యెచ్చటనో సిద్ధముగ నున్నదనియు, వెదకినచో దొరకుననియు కుమారుని నమ్మకము. అట్టిది లేనేలేదనియు, పనియనగా కూటికొరకు పడు పాటేయనియు తండ్రి నిశ్చయము. ఇరువురును పొరబడుచున్నారని మా యభిప్రాయము. వృత్తి దొరకును, వ్రతమును మనమే పట్టవలెను. ముప్పది రూపాయల జీతమునకు చేరిన పనిలోనే జన్మసాఫల్యమును పొందిన ఒక యుపాధ్యాయుని చరిత్రము ఈ తూర్పుకనుమలలోనే మనకు గలదు. దానిని ఇచ్చట సమీక్షింప దలచితిమి.

అరకుచెంత మనము చూచు కొండలు ఈశాన్యముగ సాగి, పార్వతీపురము, సీతంపేటల మీదుగా పర్లాకిమిడి, గుణుపురముల కడకు పోవును. ఆ ప్రాంతముననే సవరలు నివసింతురు. ఆ కొండల దిగువ, వంశధారా తీరమున, శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29వ తేదీన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు జన్మించిరి. ఆయన పేరు విన్న తోడనే మన పాఠకులకు వ్యావహారిక భాషావాదము స్ఫురించును. ఆయన పుట్టినదినమును తెలుగుభాషా దినోత్సవముగ మనము జరుపుకొనుచున్నాము. కాని నేడు మేము ప్రస్తావింపబోవునది ఆ వాదమునకు పూర్వము ఆయన చేపట్టిన పని, సభలును చప్పట్లును ఎరుగని పని.

పంతులుగారికి పసితనముననే పితృవియోగము సంభవించెను. విజయనగరమున బంధువులయింట నుండి మహారాజావారి పాఠశాలలో చదివిరి. గురజాడ అప్పారావుగా రచ్చట ఆయనకు సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చి, పైచదువులకు పోవు సావకాశము లేక, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పది రూపాయల జీతముమీద ఉపాధ్యాయులుగ చేరిరి. అప్పటికి ఆయనకు పదునేడేండ్లు నిండియు నిండని వయస్సు. అది సంసారము గడుపుకొనుటకై చేరిన కొలువు. సవరలనుద్ధరింపవలెనను సంకల్పముతో ఆయన పర్లాకిమిడికి పోలేదు. ఈ సంగతిని మన యువకులు గుర్తుంచుకొనవలెను.

ఆయనకు అప్పగింపబడినది చరిత్రపాఠము. పుస్తకములోని పుటలను అప్పజెప్పించి యూరకుండినను జీతము ముట్టెడిదే. కాని తన యూరికి చేరువలోనే ముఖలింగ దేవాలయపు గోడలమీద శాసనములుండగా వానిని చదువలేని చరిత్రోపాధ్యాయుడేమి ఉపాధ్యాయుడని ఆయనకు తోచియుండవచ్చును. గురువు లేకయే ప్రాచీనలిపులు నేర్చుకొనిరి. ఆ శాసనములను చదివిరి. కళింగనగరమను ప్రాచీన రాజధాని ముఖలింగమేయని వాదించిరి. చేయవలసిన పనికి ఒక యడుగు ముందునకు పోవు ఈ స్వభావమే ఆయనను సవరల కడకు గొనిపోయెను.

పర్లాకిమిడి సంతకు సవరలు వచ్చుచుండిరి. అడవివస్తువులను తెచ్చి అమ్ముకొని, ఉప్పు మొదలగువానిని కొనుక్కొని, చీకటిపడకుండ కొండలకు మరలుచుండిరి. వర్తకుడు వారిని సరకు తెచ్చువారుగ నెరుగును. షాహుకారు ఋణస్థులుగ నెరుగును. సర్కారు పన్నుకట్టు జనముగ నెరుగును. కొండవాలులమీద రాతికట్టలు పేర్చి, ఏటినీటిని ఒక మడినుండి వేరొక మడికి దింపుచు వరిపండించు నేర్పరులని ఎరిగినవారు కొందరు. వారికొక భాష గలదనియు, ఆ భాషకొక వ్యాకరణము గలదనియు ఎరిగినవారు లేరనియే చెప్పవచ్చును. పట్టణవాసుల చెవికి అది వట్టి కొండకూత. వారి పిల్లలకు చదువు చెప్పవలెనను కోరిక పంతులుగారికి కలిగెను.

మరియొకరైనచో తెలుగు వాచకమును చంకబెట్టుకొని కొండకు పోయియుందురు. పిల్లలకు అర్థముకాలేదని చూచి, సవరలకు బుద్ధి లేదని వ్రాసియుందురు. పంతులుగారు చేసిన పని వేరు. తెలుగును సవరభాషయు వచ్చిన యొకని తమ యింటనే ఉంచుకొని, ఆతనివద్ద తామే శిష్యులై కూర్చుండిరి. ఉపాధ్యాయుడు మొదట విద్యార్థి యయ్యెను. ఆనాటి కులమర్యాదలను, పట్టణపు గౌరవాగౌరవములను తలచుకొన్నచో ఇది యెంత సాహసమో మనకు తెలియును. ఆయన ఉద్యోగమును వ్రతముగ మార్చిన ముహూర్త మిదియేయని మేము తలంతుము. పైనుండి ఆదేశము వచ్చుటచేత అది మారలేదు. తన వాకిటికి వచ్చిన మనుష్యుని మాట తనకు అర్థముకాకపోవుట తన లోపమే యని ఆయన యొప్పుకొనుటచేత మారెను.

ఆ పని తేలికైనది కాదు. సవరభాష ద్రావిడభాషలలోనిది కాదు, ముండాభాషా కుటుంబములోనిది. తెలుగు వ్యాకరణ మెంత వచ్చినను అచ్చట అక్కరకు రాదు. కంఠమున ఊపిరిని అడ్డి పలుకు ధ్వనులందు గలవు. మన యక్షరమాలలో వానికి చోటులేదు. నామమును క్రియలోనే ఇమిడ్చి ఒక్క మాటగ పలుకు పద్ధతి గలదు. ఐరోపాలో అప్పుడప్పుడే పెంపొందుచున్న భాషాశాస్త్ర గ్రంథములను తెప్పించుకొని చదివి, వినుటయెట్లో, వ్రాయుటయెట్లో, సూత్రించుటయెట్లో పంతులుగారు స్వయముగ నేర్చుకొనిరి. పగలు బడిలో పాఠములు చెప్పుచునే యీ శ్రమయంతయు పడిరి. సెలవులలో కొండలమీద తిరిగిరి. మన్యపు చలిజ్వరము ఆయనను విడువలేదు. అనంతరకాలమున ఆయనకు చెవుడు వచ్చెను. ఆ జ్వరమునకు సేవించిన క్వినైనుయే దానికి కారణమని ఆయన జీవితకథను వ్రాసినవారు చెప్పుచున్నారు. ఒక జాతి మాటలను చెవియొగ్గి వినుటకే కొండ లెక్కిన వాడు చెవులనే కోల్పోయెను. ఇంతకంటె పెద్ద మూల్యము చెల్లించిన పండితులెందరు?

భాష నేర్చినపిమ్మట సవర పిల్లలకొరకు ఆ భాషలోనే పుస్తకములు వ్రాసిరి. తమ సొంతడబ్బుతో బడులు పెట్టిరి. ఉపాధ్యాయులకు తామే జీతము లిచ్చిరి. సంసారముగల ఒక బడిపంతులు తన జీతములోనుండి వేరొక పంతులునకు జీతమిచ్చుట యెట్టిదో ఆలోచింపుడు. 1913లో ప్రభుత్వము ఆయన సేవను మెచ్చి బిరుదమిచ్చెను. అప్పటికి రెండేండ్లకు ముందే ఆయన ఉద్యోగమునుండి విరమించియుండిరి. ఉద్యోగము ముగిసినను పని ముగియలేదు. సుమారు ముప్పదియైదేండ్ల కృషికి ఫలముగ 1931లో ఆంగ్లమున వ్రాసిన సవరభాషా వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము ప్రచురించెను. పింఛనుతోనే పనికి సమాప్తి చెప్పువారికి ఈ లెక్క బోధపడదు.

ఇచ్చట నొక మాట. సవరల గుడిసెలలో నేర్చిన పాఠమే తరువాత మన తెలుగునకు ఉపకరించెనని మాకు తోచుచున్నది. ఏ గ్రంథమును లేని భాషకును నియమముగల వ్యాకరణమున్నదని ఆయన చెవులార విని తెలిసికొనిరి. అట్టివానికి, కోట్లమంది తెలుగువారు పలుకు భాష తప్పులకుప్ప యని పండితులనిన నమ్మశక్యమగునా? 1907 ప్రాంతమున విశాఖ మండలమున పాఠశాలల పరీక్షాధికారిగా నుండిన యేట్సు దొర పిల్లల పుస్తకముల భాషను గూర్చి ప్రశ్నించినప్పుడు పంతులుగారు సిద్ధముగ నుండిరి. తరువాతి వాదములు, 1919లో వెలువడిన "తెలుగు" పత్రిక లోకవిదితములు. ఆయనను స్తుతించుచున్న మా యీ గ్రాంథికమును చూచి పంతులుగారు నవ్వియుందురు; నాలుగు తప్పులు చూపియు నుందురు. ఆ దెబ్బకు మేము తలయొగ్గుచున్నాము.

1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడెను. పర్లాకిమిడి పట్టణము ఆ రాష్ట్రములో చేరుటను తెలుగువారి పక్షమున గట్టిగ ప్రతిఘటించిన పంతులుగారు ఆ ఉదయముననే ఏబదియైదేండ్లు నివసించిన యింటిని, ఆస్తిని విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చివేసిరి. అప్పటికి ఆయనకు డెబ్బదిరెండేండ్లు. ఇల్లు పోయెను; వినికిడి పోయెను; కాని సవరకొండలు కనుచూపుమేరలో లేని గోదావరీతీరమునను సవరభాషను విడువలేదు. 1938లో సవర-ఆంగ్ల నిఘంటువు వెలువడెను. 1940 జనవరి 22న ఆయన పరమపదించిరి. రాష్ట్రపు సరిహద్దులను గూర్చి ఆయనకు తీవ్రమైన పట్టుదల యుండెను. ఐనను తాను చేపట్టిన పనిని ఆ సరిహద్దులకు లోబరచలేదు. ఆయన కుమారులు సీతాపతిగారును తండ్రి కృషిలో పాలుపంచుకొనిరి.

ఇట్టి చరిత్రమును చెప్పినప్పుడెల్ల కొందరు రెండు ఆక్షేపణలు చేయుదురు. అవి త్రోసివేయదగినవి కావు.

మొదటిది: వ్రతమని, సేవయని పొగడి ఉపాధ్యాయునకు రావలసిన జీతమును ఎగవేయుట పాలకులకు అలవాటు గదా యని. నిజమే. తాత్కాలికమని పేరుపెట్టి ఏండ్లతరబడి తక్కువ వేతనముతో పనిచేయించుకొని, అడిగినచో సేవాభావము లేదని నిందించుట అన్యాయము. కొండమీది ఉపాధ్యాయునకు సరియైన జీతము, వసతి, జబ్బుచేసిన మందు సమకూర్చుట ప్రభుత్వ ధర్మము. పంతులుగారు సొంతడబ్బు వెచ్చించిరి గనుక ఇతరులును వెచ్చింపవలెనని మేము చెప్పుట లేదు. వ్రతము పట్టువాడు తన యిష్టముచేత పట్టును. దానిని మరియొకనిచేత పట్టించు అధికారమెవ్వరికిని లేదు.

రెండవది మరింత సూటియైనది: కొండవారిని ఉద్ధరించు ఘనత యెప్పుడును దిగువవారికేనా? గిడుగువారిని లోకము స్మరించును. ఆయనకు మాట నేర్పిన సవరను స్మరింపదు. ఈ ఆక్షేపణకు మేము తలవంచుచున్నాము. పంతులుగారు పర్లాకిమిడి విడిచిన ఆ 1936వ సంవత్సరముననే మంగై గొమాంగో యను సవర పెద్ద తమ భాషకొక లిపిని కల్పించెను. దానికి సొరంగ్ సొంపెంగ్ అని పేరు. తమ మాటకు తమ యక్షరము కావలెనని ఆయన పట్టినదియు వ్రతమే. రాతికట్టలతో కొండను మడులుగ దిద్దిన సవర రైతులును, అరకులో కాఫీమొక్కకు నీడచెట్టు చూచి నాటు గిరిజన స్త్రీపురుషులును తమ పనియందు మనకంటె తక్కువ శ్రద్ధగలవారు కారు. పంతులుగారి ఘనత వారిని ఉద్ధరించుటలో లేదు. వారివద్ద నేర్చుకొనదగినది గలదని గ్రహించుటలోనున్నది.

దిగువనుండి కొండకు పోయిన వారందరును అట్లు పోలేదని మన రైతుపెద్దలకు, పట్టణవాసులకు మేము జ్ఞప్తిచేయక తప్పదు. అప్పుపత్రములతో పోయినవారు గలరు. వారి వడ్డీలకు, భూముల యాక్రమణకు అడ్డుకట్ట వేయుటకే 1917లో మద్రాసు ప్రభుత్వము ఏజెన్సీ భూముల బదిలీ చట్టమును చేయవలసివచ్చెను. అది చాలక 1959లోను 1970లోను మరల నిబంధనలు చేయవలసివచ్చెను. బాటపనులకు పట్టి కూలి సరిగ నీయని చిల్లర యధికారుల దౌర్జన్యము 1922లో అల్లూరి సీతారామరాజు నడిపిన తిరుగుబాటునకు దోహదమయ్యెను. వీరికిని ఉద్యోగముండెను, జీతముండెను, పనియందు నేర్పుకూడ నుండెను. కొరవడినది యొక్కటే: ఎదుటివాని మాట వినవలసిన యవసరమే వారికి తోచలేదు. వాని మాట వినినచో వాని భూమిని వ్రాయించుకొనుట కష్టమగును.

ఇది గతించిన కథ మాత్రము కాదు. తనకు తెలియని భాషలో పాఠము వినుచు బడిలో మౌనముగ కూర్చుండు గిరిజన శిశువు నేటికిని గలడు. ఆ మౌనమును మందబుద్ధి యని వ్రాయువారును గలరు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా భాషలలో తొలి తరగతుల బోధన నారంభించెను. గిడుగువారు తమ జీతముతో మొదలిడిన పనిని నూరేండ్లకు సర్కారు చేపట్టెనన్నమాట. 2000లో షెడ్యూల్డు ప్రాంతముల ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే చెందవలెనని ప్రభుత్వము ఉత్తరువు చేయగా, దానిని 2020 ఏప్రిలు 22న సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఆ తీర్పుయొక్క న్యాయాన్యాయ విచారణకు ఇది తావు కాదు. కాని దాని ఫలితము స్పష్టము: దిగువనుండి కొండకు పోవు ఉపాధ్యాయునకు ద్వారము తెరచియే యున్నది. అతడు ఏ భాషతో ఆ ద్వారమును దాటునన్నదే ప్రశ్న.

కావున మన యువకులకు మేము విన్నవించునది యిది. "నా జన్మము దేనికొరకు?" అను ప్రశ్నను ఇంట కూర్చుండి అడిగినచో సమాధానము రాదు. దొరకిన పనిలో చేరుడు. అది చిన్నదైనను సరియే. జీతమునకే చేరినను సరియే. చేరినపిమ్మట మీ యెదుటకు వచ్చు మనుష్యుని చూడుడు. బడిలో శిశువు, వైద్యశాలలో రోగి, కచ్చేరి మెట్లకడ అర్జీదారు, పొలములో పాలేరు, వీరిలో ఎవని మాట మీకు అర్థముకాలేదో ఆతనివద్ద కొంతకాలము శిష్యులుగ నుండుడు. రామమూర్తి పంతులుగారికి తమ పని అట్లే దొరకినది. పర్లాకిమిడి సంతలో, ఉప్పు కొనుటకు వచ్చిన సవరయొద్ద.

తండ్రులకు విన్నవించునది మరియొకటి. ఈ యేడు మీ కుమారునకో కుమార్తెకో అరకునందో, పాడేరునందో, సీతంపేటయందో బడిపంతులు ఉద్యోగము వచ్చినచో, బదిలీకొరకు సిఫారసులు వెదకుటకు పూర్వము ఒక్కమాట అడుగుడు: "అచ్చటి పిల్లలు ఇంట నే భాష మాటలాడుదురు?" అని. ఆ ప్రశ్నకు జవాబు తెలిసికొనివచ్చిన బిడ్డను వెంటనే దిగువకు పిలువకుడు. కొన్నాళ్లు కొండమీదనే యుండనిండు.